ఫస్టియర్ అడ్మిషన్ల డైరీ: సీటు వచ్చాక జారిపోయే పిల్లల లెక్క

డిగ్రీ ఫస్టియర్ అడ్మిషన్ల బాధ్యత మీద పడ్డ లెక్చరర్ల కోసం ఈ డైరీ. హైదరాబాద్‌లో మా వర్సిటీ క్యాంపస్ కాలేజీలో ఉన్నవి 480 సీట్లు: బీకాం 180, బీఎస్సీ ఫిజికల్ సైన్సెస్ 120, లైఫ్ సైన్సెస్ 120, బీఏ 60. భర్తీ అంతా దోస్త్‌లోనే (డిగ్రీ సీట్లకు తెలంగాణ ప్రభుత్వ ఆన్‌లైన్ పద్ధతి). 2016లో దోస్త్ వచ్చాక కాలేజీ చేతిలో ఎంపిక అనేది లేదు. ఇంటర్ మార్కులు, రిజర్వేషన్, విద్యార్థి పెట్టుకున్న ఆప్షన్ల వరుస చూసి సీటు కంప్యూటర్ ఇస్తుంది. కాలేజీ చేయగలిగినవి రెండే: మా కాలేజీ కోడ్‌ను పైన పెట్టుకోవడానికి తగిన కారణం చూపించడం, సీటు వచ్చిన పిల్ల క్లాసులో కూర్చునేదాకా వెంట ఉండటం. మొదటిదానికి అందరూ ఖర్చు పెడతారు. ఈ డైరీలో ఎక్కువ భాగం రెండోదాని గురించి.

దశ 0: పాత రిజిస్టర్లు

పని మొదలుపెట్టే ముందు నిరుటి కాగితాలు అడిగాను. ఆఫీసులో ఒకే ఒక అంకె ఉంది: "అడ్మిషన్లు 296". ఆ అంకెతో ఏమీ తెలియదు. దోస్త్ కాలేజీ లాగిన్‌లో ఫేజుల (సీట్లిచ్చే విడతల) వారీ జాబితాలు, అడ్మిషన్ రిజిస్టరు, సెప్టెంబరు హాజరు పట్టీ పక్కపక్కన పెట్టి సూపరింటెండెంట్ సారూ నేనూ పేరు పేరునా టిక్కులు కొట్టుకుంటూ వచ్చాం.

నిరుటి లెక్క:
- సీటు కేటాయించినవాళ్లు: 431
- ఆన్‌లైన్ సెల్ఫ్ రిపోర్టింగ్ (దోస్త్‌లో లాగిన్ అయి వచ్చిన సీటును ఖాయం చేసుకోవడం) చేసినవాళ్లు: 339
- కాలేజీకి వచ్చి చేరినవాళ్లు: 296
- సెప్టెంబరు చివర క్లాసులో ఉన్నవాళ్లు: 251

అంటే 431 మంది దాకా మా కాలేజీ వచ్చింది. వాళ్లు మా కోడ్ పెట్టుకున్నారు, సీటూ పడింది. ఆ తర్వాత 180 మంది మూడు చోట్ల జారిపోయారు. సీటు వచ్చి కూడా సెల్ఫ్ రిపోర్టింగ్ చేయని 92 మందే పెద్ద గండి. ఈ కాగితం చూశాకే పని వరుస మార్చాం. ప్రచారానికి అనుకున్న డబ్బులో సగానికి పైగా ఫోన్లకు, హెల్ప్ డెస్క్‌కు మళ్లించాం. మీరు ఎక్కడ పనిచేస్తున్నా ముందు ఈ నాలుగు అంకెలు రాసుకోండి. మొత్తం ఒక్క అంకెలో చెప్పే రిపోర్టును నమ్మవద్దు.

దశ 1: ఫిబ్రవరి, మార్చి. కరపత్రాలు

ఇంటర్ పరీక్షా కేంద్రాల గేట్ల దగ్గర కరపత్రాలు పంచడం ఎప్పటి నుంచో ఉన్న అలవాటు. ఈసారి క్యూఆర్ కోడ్ వేసి గూగుల్ ఫారం పెట్టాం. పరీక్ష రాసి బయటికొచ్చిన పిల్లలు ప్రశ్నపత్రం చూసుకుంటూ వెళ్లిపోతారు. కరపత్రం అందుకున్నా మలుపు దాటేలోపే కింద పడుతుంది. స్కాన్ చేసినవాళ్లు కూడా పదకొండు గడుల ఫారం చూసి మధ్యలో వదిలేశారు.

జూనియర్ కాలేజీలకు వెళ్లి ప్రిన్సిపాళ్ల అనుమతితో క్లాసులో పది నిమిషాలు మాట్లాడినచోట పేర్లు బాగా వచ్చాయి. చిక్కు వేరేచోట వచ్చింది. ఒక కాలేజీ నుంచి వచ్చిన పేర్లలో ముప్పైకి పైగా ఎంట్రీలకు ఒకటే ఫోన్ నంబరు. అది ఆ కాలేజీ పీఆర్వోది (పిల్లలను చేర్పించే పని చూసే మనిషి). పిల్లల పేర్లు ఆయన ఎవరికి ఇస్తాడో, ఎంతకు ఇస్తాడో మాకు తెలియదు. ఆ జాబితా మొత్తం పక్కన పెట్టాం. బయట డేటా అమ్ముతామని వచ్చిన వాళ్లను కూడా పంపించేశాం. ఇంటర్ పిల్లల్లో చాలామందికి పద్దెనిమిది నిండవు. 2023 నాటి డిజిటల్ పర్సనల్ డేటా ప్రొటెక్షన్ చట్టం పద్దెనిమిది లోపు వాళ్లందరినీ పిల్లలుగానే చూస్తుంది, వాళ్ల వివరాలకు తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. చట్టం సంగతి అలా ఉంచినా, మన ఇంటి పిల్ల నంబరు ఎవరో అమ్ముకుంటే ఒప్పుకోం కదా.

మార్చినవి:
1. ఫారంలో పదకొండు గడులను తగ్గించి నాలుగే ఉంచాం: పేరు, గ్రూపు, ఊరు, ఇంట్లో పెద్దవాళ్ల ఫోను.
2. ఫోను గడి కింద ఒక ప్రశ్న చేర్చాం: "ఈ ఫోను సాయంత్రం ఎవరి దగ్గర ఉంటుంది?"
3. కింద ఒక వాక్యం: ఈ నంబరు అడ్మిషన్ పనికి తప్ప ఇంకెవరికీ ఇవ్వం, సెప్టెంబరులో తీసేస్తాం. తల్లి లేదా తండ్రి సరే అన్నాకే ఎంట్రీ.

రెండో ప్రశ్న వల్ల తర్వాత చాలా మేలు జరిగింది. "నాన్న, ఎనిమిది దాటాక", "అన్న దగ్గర, ఆదివారం", "అమ్మ, కానీ ఫోను ఎత్తదు, అక్కకి చేయండి". ఇలాంటి జవాబులు ఏ సాఫ్ట్‌వేరూ ఇవ్వదు.

ఇప్పటివరకు: వచ్చిన ఎంట్రీలు 1,312. డూప్లికేట్లు, తప్పు నంబర్లు, పీఆర్వో జాబితా తీసేశాక మిగిలినవి 871.

దశ 2: ఏప్రిల్. ఫోన్లు

ఫలితాలు వచ్చే వారానికి ఫోన్లు పూర్తి కావాలని పెట్టుకున్నాం. తెలంగాణ ఇంటర్ ఫలితాలు 2024లో ఏప్రిల్ 24న, 2025లో ఏప్రిల్ 22న వచ్చాయి. అప్పటి నుంచి దోస్త్ నోటిఫికేషన్ దాకా ఇంట్లో రోజూ ఇదే చర్చ. ఆలోపు మన గొంతు ఒకసారి విని ఉంటే తర్వాత చేసే ఫోనుకు విలువ ఉంటుంది.

మొదటి వారం పొద్దున 11 నుంచి 1 దాకా చేశాం. అది ఆఫీసుకు వీలైన వేళ, ఇంటివాళ్లకు కాదు. తండ్రి పనిలో ఉంటాడు, ఫోను ఆయన జేబులో ఉంటుంది. పది చేస్తే మూడు ఎత్తారు. ఎత్తినవాళ్లు "సాయంత్రం చేయండి" అన్నారు. సాయంత్రం 7 నుంచి 8:30కి మార్చాక పదిలో ఆరు, ఏడు ఎత్తారు. 9 దాటాక ఎవరికీ చేయకూడదన్న నియమం పెట్టుకున్నాం.

ఇంకో మార్పు: ఫోన్లు లెక్చరర్లం కాకుండా సెకండియర్ పిల్లలు చేశారు, పక్కన ఒక లెక్చరర్ కూర్చునేవాళ్లం. కోర్సు గురించి మేం చెప్తే "సరే మేడం" అని పెట్టేసేవాళ్లు. సీనియర్ చెప్తే ప్రశ్నలు వచ్చేవి. "అక్కా, క్యాంటీన్ల అన్నం దొరుకుతదా?", "అన్నా, ఇంగ్లిష్‌లనే చెప్తరా మొత్తం?" అసలు భయాలు అక్కడ బయటపడ్డాయి.

సీనియర్లకు ఇచ్చిన కాగితం చిన్నది. మాట్లాడాల్సింది కాదు, వినాల్సింది రాసుకోవడానికి:
1. ఎవరితో మాట్లాడావు?
2. ఇంజనీరింగ్, నీట్, లాసెట్ ఏదైనా రాస్తున్నారా?
3. ఆధార్‌కు ఏ నంబరు లింకై ఉంది? ఆ సిమ్ము పనిచేస్తోందా?
4. వాళ్లు అడిగిన మొదటి ప్రశ్న ఏమిటి? వాళ్ల మాటల్లోనే రాయి.

నాలుగో గడిలోంచే ఫీజు కాగితం పుట్టింది. పరిగి దగ్గరి ఊరి నుంచి ఒక తండ్రితో స్పీకర్‌లో మాట్లాడాను. "మేడం, ట్యూషన్ ఫీజు సంగతి ఆ పిల్లగాడు చెప్పిండు. మంచిదే. బిడ్డ పొద్దుగాల ఇంట్లకెళ్లి బయల్దేరితే మళ్ల ఇంట్లకొచ్చేదాకా నెలకు ఎంతయితది? అది చెప్పున్రి. తర్వాత తర్వాత అంటే మాతోని కాదు." ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. బ్రోచర్లో ట్యూషన్ ఫీజు, స్పెషల్ ఫీజు అని రెండు వరుసలే ఉన్నాయి. రెండు రోజుల్లో చెప్తానని ఆయన దగ్గర గడువు తీసుకున్నాను.

ఇప్పటివరకు: 871 మందిలో మాట కలిసినవాళ్లు 540.

దశ 3: ఫీజు కాగితం

ఒక ఏ4 కాగితం, ఒకే వైపు, తెలుగులో. వరుస ఇలా పెట్టాం:

1. చేరిన రోజు కట్టాల్సింది మొత్తం.
2. ఏడాదికి రెండుసార్లు సెమిస్టర్ పరీక్ష ఫీజు.
3. సైన్సు పిల్లలకు ల్యాబ్ రికార్డులు, యాప్రాన్.
4. బస్సు. అమ్మాయిలకు 2023 డిసెంబరు 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్ ఖర్చు లేదు. అబ్బాయిలకు స్టూడెంట్ పాస్ రేటు.
5. మధ్యాహ్నం భోజనం, నెలకు.
6. హాస్టల్. మా హాస్టల్లో సీటు రాకపోతే బయట హాస్టల్ నెలకు ఎంత, అడ్వాన్సు ఎంత.
7. ఫీజు రీయింబర్స్‌మెంటుకు ఎవరు అర్హులు, ఏ కాగితాలు కావాలి.

ఆరో వరుస మీద మా కమిటీలో గట్టి వాదన జరిగింది. "బయట హాస్టల్ రేటు రాస్తే భయపడి రారు" అన్నారు ఒకరు. రాయకపోతే ఆగస్టులో తెలుస్తుంది, అప్పుడు చదువు మధ్యలో మానేస్తారు. రాయాలనే తేలింది. కాలేజీకి దగ్గర్లోని హాస్టళ్లకు సీనియర్లే వెళ్లి రేట్లు అడిగి వచ్చారు. అడ్వాన్సు తిరిగి ఇస్తారా లేదా అనేది కూడా అడిగి రాశాం.

ఏడో వరుసలో ఆదాయ పరిమితి అంకెల్లోనే వేశాం: ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి 2 లక్షలు, బీసీ, ఈబీసీ, మైనారిటీలకు పల్లెల్లో 1.5 లక్షలు, పట్టణాల్లో 2 లక్షలు. కొత్త విద్యార్థి ఈపాస్‌లో (స్కాలర్‌షిప్పుల ప్రభుత్వ సైటు) వేరుగా దరఖాస్తు చేసుకోవాలి, దోస్త్‌లో సీటు వచ్చినంత మాత్రాన అది దానంతట అది జరగదు. ఈ వాక్యం పెద్ద అక్షరాల్లో వేశాం. రీయింబర్స్‌మెంటు డబ్బు ఆలస్యమవుతుందని అందరికీ తెలుసు. "ఆలస్యమైతే మమ్మల్ని కట్టమంటారా?" అన్నదే అసలు ప్రశ్న. ప్రిన్సిపాల్ సార్‌తో మాట్లాడి, అర్హులైన పిల్లలను ఆ కారణంతో హాల్ టికెట్ దగ్గర ఆపబోమని కాగితం మీదే రాయించి సంతకం పెట్టించాం. ఈ పని మొత్తంలో నాకు బాగా తృప్తినిచ్చింది ఆ సంతకమే.

పరిగి తండ్రికి కాగితం ఫొటో వాట్సాప్‌లో పంపాం. ఆయన పిల్ల మొదటి ఫేజులోనే చేరింది.

దశ 4: ఆధార్ నంబరు, పాత సిమ్ము

ఇక్కడ నిదానంగా చదవండి, మొత్తం పనిలో ఎక్కువ మందిని కాపాడింది ఇదే.

దోస్త్ రిజిస్ట్రేషన్‌కు ఆధార్‌తో లింకైన మొబైల్ ఉండాలి. ఓటీపీ ఆ నంబరుకే వస్తుంది, తర్వాత దోస్త్ ఐడీ, పిన్ను కూడా. పిల్ల చిన్నప్పుడు ఆధార్ తీసినప్పుడు ఇచ్చిన నంబరు మామయ్యదో, మేస్త్రీదో, లేదా ఎప్పుడో ఆపేసిన సిమ్మో అయి ఉంటుంది. ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. రిజిస్ట్రేషన్ రోజున నెట్ సెంటర్‌లో కూర్చున్నాక తెలుస్తుంది. అప్పటికి ఆధార్ కేంద్రాల ముందు బారులు ఉంటాయి, అప్‌డేట్ కావడానికి రోజులు పడుతుంది, ఫేజు గడువు దాటిపోతుంది.

మాట కలిసిన 540 మందిలో 163 మందికి లింకు లేదు, లేదా ఏ నంబరో తెలియదు.

మొదట "చూసుకోండి" అని చెప్పి ఊరుకున్నాం. వారం తర్వాత మళ్లీ ఫోను చేస్తే దాదాపు ఎవరూ చూసుకోలేదు. ఎలా చూసుకోవాలో చెప్పకుండా చూసుకోమంటే ఎవరు మాత్రం ఏం చేస్తారు? తర్వాత ఇలా మార్చాం:

1. ఆధార్ సైటులో లింకైన నంబరు సరిచూసుకునే పద్ధతి సీనియర్ ఫోనులోనే ఉండి, ఒక్కో మెట్టూ చెప్పి చేయించాలి. నాలుగైదు నిమిషాలు పడుతుంది.
2. లింకు లేదని తేలితే అప్పట్లో ఆన్‌లైన్‌లో కుదరలేదు, మనిషి వెళ్లాల్సి వచ్చింది. దగ్గరి ఆధార్ కేంద్రం ఎక్కడుందో మనమే వెతికి చెప్పాలి.
3. కేంద్రం దూరమైన పల్లెలకు పోస్టాఫీసు దారి చెప్పాలి. ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంక్ ద్వారా పోస్ట్‌మ్యానే మొబైల్ నంబరు అప్‌డేట్ చేస్తాడు. ఈ సదుపాయం 2021 నుంచి ఉంది, చాలా ఊళ్లలో తెలియదు.
4. అయిందా లేదా అని నాలుగో రోజు మళ్లీ ఫోను.

మే మొదటి వారానికి 163లో 129 మందిది పూర్తయింది. మిగిలిన 34 మందిలో కొందరు మా దగ్గరికి రాకుండా వేరే దారి చూసుకున్నారు, కొందరు రెండో ఫేజుకు అందుకున్నారు.

ఈ 129 మంది అందరూ మా కాలేజీలో చేరలేదు. వేరే కాలేజీలకు వెళ్లినవాళ్లూ ఉన్నారు. అయినా ఈ పని వృథా అని నేను అనుకోను. ఓటీపీ రాక పిల్ల ఒక ఏడాది ఇంట్లో కూర్చుంటే, ఆడపిల్ల అయితే ఆ ఏడాదిలో ఏం జరుగుతుందో మన ఊళ్లలో అందరికీ తెలుసు.

దశ 5: ఎస్ఎంఎస్. అక్షరాల లెక్క

బల్క్ ఎస్ఎంఎస్ పంపాలంటే ముందు డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల రిజిస్ట్రేషన్ పోర్టల్) సంస్థ పేరు, హెడర్ (పంపినవాళ్ల గుర్తు), మెసేజ్ టెంప్లేట్ రిజిస్టర్ కావాలి. టెంప్లేటులో ఒక్క అక్షరం మారినా మెసేజ్ వెళ్లదు. కాబట్టి అన్ని మెసేజ్‌లూ మార్చిలోనే రాసి ఆమోదం తీసుకోండి. గడువు ముందురోజు రాసుకునే పని కాదు.

తెలుగులో పంపితేనే ఇంట్లో పెద్దవాళ్లు చదువుతారు. చిక్కేమిటంటే ఇంగ్లిష్ ఎస్ఎంఎస్‌కు 160 క్యారెక్టర్లు పడితే తెలుగుకు 70 మాత్రమే. 70 దాటితే ముక్కలవుతుంది, ఒక్కో ముక్కకు 67. ఇంగ్లిష్ మెసేజ్‌లో ఒక్క తెలుగు అక్షరం పెట్టినా మొత్తానికీ 70 లెక్కే.

పైగా మనం చూసే అక్షరం వేరు, ఫోను లెక్కపెట్టేది వేరు. గుణింతం, ఒత్తు, సున్న విడివిడిగా లెక్కకొస్తాయి. "సెల్ఫ్ రిపోర్టింగ్" అన్నది చదవడానికి ఆరు అక్షరాలు. ఫోను లెక్కలో మధ్య ఖాళీతో కలిపి 18. ఆన్‌లైన్ వంటి మాటల్లో ఒత్తు పడకుండా టైపింగులో వేసే కనబడని గుర్తు కూడా ఒకటిగా లెక్కే.

మా మొదటి మెసేజ్ 188 క్యారెక్టర్లు వచ్చింది. మూడు ముక్కలు, మూడింతల ఖర్చు. కొట్టివేతల తర్వాత మిగిలింది ఇది:

"సీటు వచ్చింది. ఇంకా ఖాయం కాలేదు. 4లోగా సైటులో రిపోర్ట్ చేయండి"

ఇది 61. మిగిలిన తొమ్మిదిలో కాలేజీ పొట్టి పేరు పట్టించాం. తేదీ దగ్గర మాత్రమే మారే గడి పెట్టాం. "అభినందనలు", "ప్రియమైన విద్యార్థీ", "మా ప్రతిష్ఠాత్మక" అన్నీ పోయాయి.

దశ 6: మే. వెబ్ ఆప్షన్ల బల్ల

దోస్త్ తెరుచుకున్నాక క్యాంపస్ గేటు పక్కనే నాలుగు ల్యాప్‌టాప్‌లు, ఒక ప్రింటరు, ఒక జిరాక్సు మెషిన్ పెట్టాం. నెట్ సెంటర్లలో జరిగేది చూశాకే ఈ ఏర్పాటు. అక్కడ ఆపరేటర్ ఆప్షన్లు తనకు తోచినట్టు పెట్టేస్తాడు. వెనకాల జనం ఉంటారు, పిల్ల తెర వంక చూడనే చూడదు. తాండూరు నుంచి వచ్చిన ఒక అమ్మాయి ప్లాస్టిక్ కవర్లోంచి మెమో, హాల్ టికెట్, దోస్త్ కాగితం తీసి బల్ల మీద పెట్టింది. కాగితం తిప్పి చూస్తే ఇరవైకి పైగా ఆప్షన్లు. మొదటి నాలుగు కాలేజీల పేర్లు ఆమె ఎప్పుడూ వినలేదు. తనకు కావాల్సిన బీజడ్‌సీ (బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ) పదకొండో వరుసలో ఉంది. అప్పటికి ఆప్షన్లు మార్చుకునే గడువు ఇంకా ఉంది కాబట్టి సరిచేసుకుని వెళ్లింది.

వరుస ఎందుకు ముఖ్యమో ఇంట్లో తెలియదు. పై ఆప్షన్‌లో సీటు పడితే కిందివి చూడరు. కాబట్టి నిజంగా ఎక్కువ ఇష్టమైనదే పైన ఉండాలి.

బల్ల దగ్గర పాటించినవి:
1. ముందు తెల్ల కాగితం మీద పెన్నుతో ఆప్షన్లు పిల్లే రాయాలి. కోర్సు ముందు, కాలేజీ తర్వాత.
2. మా కోడ్ ఎక్కడ పెట్టాలో మేం చెప్పకూడదు. అడిగితే ఫీజు కాగితం, బస్సు రూటు చూపించాలి.
3. సైటులో ఎక్కించాక ప్రింటు తీసి, పెన్ను కాగితంతో పక్కపక్కన పెట్టి పిల్ల చేతే టిక్కులు కొట్టించాలి.
4. దోస్త్ ఐడీ, పిన్ను మేం రాసుకోకూడదు. పిల్ల నోటుబుక్కులో, తండ్రి ఫోనులో ఫొటోగా, రెండు చోట్ల ఉండాలి.

నాలుగోది అతి జాగ్రత్తగా అనిపించవచ్చు. పిన్ను ఎవరి చేతిలో ఉంటే ఆప్షన్లు వాళ్ల చేతిలో ఉన్నట్టే. సీటు వచ్చాక వేరొకరు తమ కాలేజీకి మార్చేశారని ఏడుస్తూ వచ్చిన పిల్లలను చూశాం.

రెండోదాని మీద మా మీద ఒత్తిడి వచ్చింది. "మన బల్ల, మన కరెంటు, మన ల్యాప్‌టాప్. మన కోడ్ మొదట పెట్టిస్తే తప్పేంటి?" అన్నారు. పెట్టిస్తే సీటు వస్తుంది. ఇష్టం లేని పిల్ల సెల్ఫ్ రిపోర్టింగ్ చేయదు, చేసినా జులైలో వెళ్లిపోతుంది. దశ 0 అంకెలు చూపించాక ఆ మాట ఆగిపోయింది.

దశ 7: సెల్ఫ్ రిపోర్టింగ్. నిరుటి 92

సీటు కేటాయింపు మెసేజ్ రాగానే ఇంట్లో పని అయిపోయిందనుకుంటారు. గడువులోగా లాగిన్ అయి సెల్ఫ్ రిపోర్టింగ్ చేయకపోతే ఆ సీటు పోతుంది. ఇంకో అపోహ: "ఇది ఓకే చేస్తే మంచి కాలేజీ రాదు". సెల్ఫ్ రిపోర్టింగ్ చేసి సీటు దక్కించుకుని, తర్వాతి ఫేజులో మళ్లీ ఆప్షన్లు పెట్టుకోవచ్చు. ఈ రెండు మాటలే ఫోనులో చెప్పాం, ఇంకేం చెప్పలేదు.

మొదటి ఫేజులో మెసేజ్ గడువుకు ముందురోజు పంపాలన్నది పాత అలవాటు. దాన్ని మార్చి మూడుసార్లు తాకాం: కేటాయింపు రోజు సాయంత్రం ఎస్ఎంఎస్, మూడో రోజు సీనియర్ ఫోను, గడువుకు ముందురోజు ఇంకా చేయనివాళ్లకు మాత్రమే లెక్చరర్ ఫోను. చేసినవాళ్లను అదే రోజు జాబితాలోంచి తీసేయాలి. చేసేసినవాళ్లకు మళ్లీ మళ్లీ ఫోను పోతే చిరాకు పడతారు, అది న్యాయమే.

నడుస్తున్న మొత్తాలు (స్లైడ్ అయి, అంటే తర్వాతి ఫేజులో వేరే సీటుకు మారి, వెళ్లినవాళ్లను తీసేశాక):
- ఫేజ్ 1: కేటాయింపు 236, సెల్ఫ్ రిపోర్టింగ్ 201
- ఫేజ్ 2: కేటాయింపు 121, సెల్ఫ్ రిపోర్టింగ్ 104. మొత్తం 305
- ఫేజ్ 3: కేటాయింపు 82, సెల్ఫ్ రిపోర్టింగ్ 72. మొత్తం 377

కేటాయింపు మొత్తం 439. నిరుడు 431. అంటే మా పేరు ఊళ్లలో కొత్తగా ఏమీ మోగలేదు. 92 మంది జారినచోట ఈసారి 62 మందే జారారు. కాలేజీకి వచ్చి చేరినవాళ్లు 348.

దశ 8: జులై. ఇంజనీరింగ్ కౌన్సెలింగ్

ఎంపీసీ పిల్లలు ఈఏపీసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) ర్యాంకు పెట్టుకుని ముందు బీఎస్సీలో చేరతారు. జులైలో ఇంజనీరింగ్ సీట్లు పడగానే వెళ్తారు. ఇది ఏటా జరిగేదే, తప్పేం లేదు. ఫోను కాగితంలో రెండో గడి దీనికోసమే. ఎవరు వెళ్లవచ్చో మాకు ఏప్రిల్లోనే తెలుసు.

ఒరిజినల్స్ పట్టుకుంటే ఆగుతారన్న సలహా వచ్చింది. ఒప్పుకోలేదు. సర్టిఫికెట్లు దగ్గర పెట్టుకోకూడదని, చూసి తిరిగి ఇవ్వాలని 2018 యూజీసీ నోటిఫికేషన్ చెప్తుంది. ఫీజు వాపసుకు మెట్లు కూడా అందులోనే ఉన్నాయి: అడ్మిషన్ల ఆఖరు తేదీకి 15 రోజుల ముందే మానుకుంటే పూర్తి ఫీజు, అందులో ప్రాసెసింగ్ కింద గరిష్ఠంగా 5 శాతం, అదీ 5,000కు మించకుండా కోయవచ్చు, 15 రోజుల్లోపు అయితే 90 శాతం, ఆఖరు తేదీ దాటాక 15 రోజుల దాకా 80, 30 రోజుల దాకా 50, ఆ తర్వాత ఏమీ లేదు. తర్వాతి ఏడాదుల్లో పూర్తి వాపసుకు యూజీసీ ప్రత్యేకంగా గడువులు కూడా ఇచ్చింది, కాబట్టి ఆ ఏటి సర్క్యులర్ చూసుకోవాలి.

టీసీ తప్ప మిగతావన్నీ చేరిన రోజే స్కాన్ చేసి చేతికిచ్చేశాం. వెళ్తామని వచ్చినవాళ్లకు టీసీ అదే రోజు ఇచ్చాం. వెళ్లినవాళ్లు 41. త్వరగా వదిలేయడం వల్ల ఆ ఖాళీలు స్పెషల్ ఫేజు నాటికి పైకి కనబడ్డాయి, అందులో 23 మంది చేరారు. పట్టుకుని కూర్చుంటే ఆ 23 మందికి సీటు ఉండేది కాదు.

ఇప్పటివరకు: 348 − 41 + 23 = 330.

దశ 9: మొదటి మూడు వారాలు

అడ్మిషన్ కమిటీ పని సాధారణంగా చేరిన రోజుతో ముగుస్తుంది. మేం ఆపలేదు. నిరుడు చేరాక మానేసిన 45 మందిలో దొరికినవాళ్లకు ఫోను చేస్తే ఎక్కువగా వినబడింది ఒకటే: "క్లాసుల ఏం చెప్తున్నరో సమజ్ కాలే." తెలుగు మీడియం ఇంటర్ నుంచి నేరుగా ఇంగ్లిష్ మీడియం డిగ్రీకి వచ్చిన పిల్లలు.

ఈసారి రోజూ మొదటి గంట బ్రిడ్జ్ క్లాసు పెట్టాం. మొదట దాన్ని స్పోకెన్ ఇంగ్లిష్‌లా నడిపాం, పిల్లలు మూగగా కూర్చున్నారు. రెండో వారం నుంచి పద్ధతి మార్చి, ఆ రోజు క్లాసులో వచ్చే పాఠాన్నే ముందు తెలుగులో చెప్పి, అందులోని ఇంగ్లిష్ మాటలు బోర్డు మీద రాసి రెండిటినీ కలిపాం. అకౌంటెన్సీలో డెబిట్ ఎందుకు ఎడమ వైపు, జర్నల్ నుంచి లెడ్జర్‌కు ఎలా వెళ్తుంది, ఇవన్నీ ముందు తెలుగులో అర్థమైతే తర్వాత ఇంగ్లిష్‌లో భయం ఉండదు. హాజరు పట్టీలో మార్పు అప్పుడే కనబడింది. వరుసగా మూడు రోజులు రాని పిల్లకు నాలుగో రోజు సీనియర్ ఫోను, అదే పాత నంబరుకు.

ఆ ఫోన్లలోనే ఈపాస్ సంగతీ బయటపడింది. చేరిన పిల్లల్లో చాలామంది దరఖాస్తు చేయలేదు, ఆదాయం సర్టిఫికెట్ పాతది ఉంది. లైబ్రరీలో రెండు కంప్యూటర్లు దానికే కేటాయించి సెక్షన్ల వారీగా కూర్చోబెట్టి చేయించాం.

సెప్టెంబరు చివర క్లాసులో ఉన్నవాళ్లు: 312. మధ్యలో మానేసిన 18 మందిలో ఏడుగురు హాస్టల్ ఖర్చుకు తాళలేక వెళ్లారు. ముగ్గురు అమ్మాయిలకు పెళ్లి కుదిరింది. ఇద్దరు పనికి కుదిరారు. ఆరుగురి కారణం తెలియలేదు, ఫోన్లు పనిచేయడం లేదు.

వచ్చే సీజనుకు మార్చినవి

1. ఆధార్ లింకు పని ఏప్రిల్లో కాదు, జనవరిలో. జూనియర్ కాలేజీల్లో మాట్లాడే పది నిమిషాల్లో ఆరు దానికే.
2. పరీక్షా కేంద్రాల దగ్గర కరపత్రాలు బంద్. ఆ డబ్బుతో సీనియర్లకు ఫోను రీచార్జి, సాయంత్రం టిఫిన్, చీకటి పడ్డాక ఇంటికి చేర్చడానికి ఆటో.
3. హాస్టల్ వరుసలో ఇద్దరు, ముగ్గురు కలిసి ఉంటే తలకు ఎంతో కూడా రాయాలి. చేరిన వారంలోనే ఒకే ఊరి వైపు పిల్లలను కలిపి కూర్చోబెట్టాలి.
4. బీఏ 60 సీట్లలో ఈసారీ సగం కూడా నిండలేదు. హెచ్‌ఈసీ (హిస్టరీ, ఎకనామిక్స్, సివిక్స్) పిల్లలున్న జూనియర్ కాలేజీల జాబితా విడిగా తయారవుతోంది. గ్రూప్స్ కోచింగుకు వెళ్లే బీఏ సీనియర్లే అక్కడికి వెళ్తారు.
5. సెప్టెంబరు 30 నాటికి, చేరని పిల్లల నంబర్లన్నీ ఫైల్లోంచి తీసేశాం. కారణం తెలియకుండా మానేసిన ఆరుగురివి మాత్రం ఉంచాం. వాళ్ల జూనియర్ కాలేజీల లెక్చరర్లను అడుగుతున్నాం, ఇద్దరి ఊళ్లు తెలిశాయి.